బయానా ఇవ్వకముందే లాయరును కలవాలి

సంపాదకుల వారికి,

భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి పూసపాటిరేగ, డెంకాడ మండలాల్లో, మూలపేట పోర్టు పేరు చెప్పి సంతబొమ్మాళి, టెక్కలి వైపు స్థలాల బేరాలు సాగుతున్నాయి. కొనేవారు ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయిస్తారు, తనఖా లేదని చూసుకుంటారు, బయానా ఇచ్చేస్తారు. లాయరు గుర్తొచ్చేది నోటీసు అందాకే. అప్పటికి డబ్బు చెయ్యి దాటిపోయి ఉంటుంది.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నమోదయ్యేది దస్తావేజే గాని హక్కు కాదు. అమ్మేవారికి ఆ భూమి మీద హక్కుందో లేదో అక్కడ తేల్చరు. ఈసీలో కనబడేవి రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్టరు కాని వీలునామా గాని, కోర్టులో నడుస్తున్న దావా గాని అందులో దొరకవు. దావా నడుస్తుండగా కొన్నవారు కూడా ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే. అడంగల్, 1బి అనేవి రెవెన్యూ రికార్డులే గాని హక్కు పత్రాలు కావు.

పిత్రార్జితమైతే తప్పకుండా లాయరు చూడాలి. అన్నదమ్ములందరూ సంతకం పెడితే చాలనుకోవడం పెద్ద పొరపాటు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా వచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. పసుపుకుంకుమల కింద ఇచ్చేశాం అన్న నోటిమాటతో ఆమె వాటా పోదు. ఆమె అమ్మకం దస్తావేజులో సంతకమైనా పెట్టాలి, రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజైనా ఉండాలి. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకం జరిగి ఉంటే లెక్క వేరు. అందుకే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పంపకం కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఆస్తి మైనరు పేరున ఉంటే కోర్టు అనుమతి అడగండి. అది లేకుండా కొంటే, ఆ పిల్లవాడు మేజరయ్యాక మూడేళ్లలోపు అమ్మకాన్ని రద్దు చేయించగలడు.

డి-పట్టా (ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన) భూమికి 20 ఏళ్లు నిండాయి, ఇక అమ్ముకోవచ్చు అని మధ్యవర్తి చెప్పేది సగం నిజం. అసైన్డ్ భూముల చట్టానికి 2023లో చేసిన సవరణ వెసులుబాటు ఇచ్చింది గాని, పట్టా మొదట ఎవరికిచ్చారు, 22-ఏ జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని నిషేధిత భూముల జాబితా) నుంచి ఆ నంబరు తీసేశారా అన్నవి తేలాలి. పార్వతీపురం మన్యంలోని షెడ్యూల్డు గ్రామాల్లోనైతే గిరిజన ప్రాంతాల భూబదిలీ చట్టం 1/70 ప్రకారం గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడి దగ్గర కొన్నా చెల్లదు. రిజిస్టరైన అమ్మకం దస్తావేజు లేకుండా జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీదే అమ్మితే హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు, కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు, విస్తీర్ణం మూడూ సరిపోలాలి. ఒకే నంబరు కింద పలువురి భూమి ఉన్న జాయింట్ ఎల్‌పీఎం అయితే సబ్‌డివిజన్ అయ్యేదాకా ఆగడమే మేలు.

500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటుకు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి వసూలు చేయకూడదు. వెంచరు ఆఫీసులో చూపించే లీగల్ ఒపీనియన్ వాళ్ల లాయరు రాసింది. మీ లాయరును మీరే పెట్టుకోండి. 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు), అంతే కాలానికి ఈసీ ఆయనకు ఇవ్వండి, ఒరిజినళ్లు చూపించమని అమ్మేవారిని పట్టుబట్టండి. ఒరిజినల్ ఇవ్వడానికి వాయిదాలు వేస్తుంటే అది బ్యాంకులో ఉందేమో అడగాలి. హక్కు తేలకపోతే బయానా ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో కూడా అగ్రిమెంటులో రాయించుకోవాలి.

– విశ్రాంత రిజిస్ట్రేషన్ శాఖ ఉద్యోగి, విజయనగరం