శీనుకి, కొనబోయే పాత కారు గురించి

ఒరేయ్ శీనూ,

ఎనిమిదేళ్ల చిన్న కారు, పెట్రోలు, ఎనభై వేల కిలోమీటర్లు తిరిగిందంటున్నావు. "ఆ మోడల్ మంచిదేనా, నమ్మొచ్చా?" అని ఒక్క ముక్కలో తేల్చమంటున్నావు. మోడల్ సంగతి సగమే రా. అదే మోడల్‌లో రెండు బండ్లు తీసుకుంటే ఒకటి ఇంకో లక్ష కిలోమీటర్లు హాయిగా తిరుగుతుంది, రెండోది ఆర్నెల్లకే ఇంజన్ విప్పించుకుంటుంది. ఆయిల్, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం), బెల్టు పాత ఓనరు టైముకి మార్చాడా లేదా అన్నదాంట్లోనే తేడా అంతా.

ఇంకో సంగతి. టెస్ట్ డ్రైవ్‌లో జనం భయపడేది చప్పుళ్లకి. కింద టక్ టక్‌మంటోందనో, డోరు కిర్రుమంటోందనో బండి వద్దనుకుని వచ్చేస్తారు. అవి చాలావరకు చిన్న ఖర్చులే. జేబుకి చిల్లు పెట్టేవి పెద్దగా చప్పుడు చెయ్యవు. అందుకని ముందు వాటినే వెతుకు.

బండి చూడ్డానికి వెళ్లేముందు "స్టార్ట్ చేసి ఉంచొద్దు" అని గట్టిగా చెప్పు. వెళ్లగానే బానెట్ ఎత్తి ఇంజన్ మీద చెయ్యి ఆనించి చూడు. వెచ్చగా ఉందంటే వాడు చల్లటి స్టార్టింగ్‌లో కనపడేది ఏదో దాస్తున్నాడని అనుకో. ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చెయ్. ఇంజన్‌ని తళతళలాడేలా కడిగి పెట్టినా నాకు అనుమానమే, ఆయిల్ ఎక్కడ కారుతోందో తెలియనివ్వదు. కాస్త దుమ్ము పట్టిన ఇంజనే నయం, ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది.

చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ ట్యాంకు మూత తియ్యాలి, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. లోపల ఆకుపచ్చో, ఎరుపో, నీలమో, కంపెనీ వేసిన రంగు శుభ్రంగా కనపడాలి. తుప్పు రంగు నీళ్లున్నా, పైన నూనె తెట్టు తేలినా అక్కడే ఆగిపో. ఉత్త నీళ్లు పోసి ఉన్నా మంచి గుర్తు కాదు. కూలెంట్‌లో తుప్పు పట్టనివ్వని మందులుంటాయి, మరిగే ఉష్ణోగ్రతా పెరుగుతుంది. ఉత్త నీళ్లయితే అల్యూమినియం హెడ్‌నీ (ఇంజన్ పై భాగం), వాటర్ పంపునీ లోపల్నించి తినేస్తాయి. అసలు నీళ్లెందుకు పోస్తున్నారు? ఎక్కడో కారుతోంది కాబట్టి.

ఇక్కడ కాస్త ఆగి చెప్తాను, చిన్న కార్ల ఇంజన్లు పోయే దారుల్లో ముఖ్యమైనది ఇదే. థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని బట్టి కూలెంట్‌ని వదిలే వాల్వు) ఉండే హౌసింగ్, రేడియేటర్ రెండు పక్కల ట్యాంకులు, ఈ రోజుల్లో చాలావరకు ప్లాస్టిక్కే. ఏళ్ల తరబడి వేడెక్కుతూ, చల్లారుతూ ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి సన్నటి పగులిస్తుంది, లేదా రేడియేటర్‌లో ప్లాస్టిక్‌కీ అల్యూమినియానికీ మధ్య ఉన్న రబ్బరు సీలు ఎండిపోతుంది. రోజుకి నాలుగు చుక్కలు పోతాయి. వేడి ఇంజన్ మీద పడి ఆవిరైపోతాయి కాబట్టి కింద నేల మీద మరక కూడా ఉండదు. లెవెల్ తగ్గింది తగ్గినట్టే ఉంటుంది, ఒకరోజు ట్రాఫిక్‌లో వేడెక్కిపోతుంది. టెంపరేచర్ సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగ్గా చెప్తుంది. కూలెంట్ తగ్గి అది ఆవిరిలో ఉండిపోతే మీటర్ తప్పు చూపించొచ్చు. డ్రైవరుకి తెలిసేసరికి అల్యూమినియం హెడ్ వంగిపోయి, దాని కింద సీలులా ఉండే గాస్కెట్ పోయి ఉంటుంది. అందుకే ఎండిన కూలెంట్ తెల్లగానో రంగుగానో పొడిలా అంటుకుని ఉందేమో హోస్ క్లిప్పుల దగ్గర, థర్మోస్టాట్ హౌసింగ్ కింద, వాటర్ పంపు దగ్గర టార్చి వేసి చూడు. ముందు సీటు కింద కార్పెట్ తడిగా ఉంటే వేలితో రాసి వాసన చూడు. జిడ్డుగా, తియ్యటి వాసనొస్తే హీటర్ కోర్ (హీటర్ కోసం డ్యాష్‌బోర్డు లోపలుండే చిన్న రేడియేటర్) కారుతోంది, మార్చాలంటే డ్యాష్‌బోర్డు విప్పాల్సి రావచ్చు. ఉత్త నీళ్లయితే ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయి ఉంటుంది, పది నిమిషాల పని.

ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తియ్యి. ఆయిల్ నల్లగా ఉంటే కంగారు పడకు, అది మామూలే. లెవెల్ కింది గీత కన్నా తక్కువుంటే కంగారు పడు. నీళ్లు కలిసిన మజ్జిగ రంగు కనపడినా అంతే. ఆయిల్ పోసే మూత తిప్పి లోపలి వైపు చూడు. పల్చటి గోధుమరంగు మరక పరవాలేదు. నల్లటి జిగురు పేరుకుని ఉంటే ఆయిల్ ఏళ్ల తరబడి మార్చలేదన్నమాట. మూతకే కొంచెం తెల్లటి నురగ ఉండి డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంటే అది దగ్గర దూరాలకే తిరిగే బండ్లలో పట్టే తేమ. రెండింటి మీదా ఉంటే మాత్రం గాస్కెట్ అనుమానం.

ఇప్పుడు స్టార్ట్ చెయ్యమను, నువ్వు ఇంజన్ పక్కన నిలబడు. మొదటి రెండు సెకన్లు చెవి ఒగ్గి విను. టైమింగ్ చైన్ (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే గొలుసు; కొన్ని ఇంజన్లలో దీని బదులు బెల్టు) ఉన్న ఇంజనైతే, గొలుసు ఆడినట్టు గలగలమని ఆగిపోతే చైన్ సాగిందో, దాన్ని బిగించి ఉంచే టెన్షనర్‌లో ఆయిల్ నిలవడం లేదో. చైన్ జీవితకాలం వస్తుందన్న మాట ఆయిల్ టైముకి మార్చినవాళ్లకే వర్తిస్తుంది. పొగ కూడా చూడు. స్టార్ట్ అవగానే ఒక్కసారి నీలం పొగ వచ్చి పోతే వాల్వ్ సీల్స్. ఆక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నీలంగా వస్తుంటే పిస్టన్ రింగులు, పెద్ద పని. తెల్లటి ఆవిరి కాసేపటికి ఆగిపోతే మామూలే, ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంట్ లోపల కాలుతోంది.

బండిని అలాగే ఐడిలింగ్‌లో వదిలి రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా చూడు. ఓనరు చిరాకుపడినా పట్టించుకోకు. స్టార్ట్ చేసిన నిమిషం రెండు నిమిషాల్లోనే, ఇంకా వేడెక్కకుండానే పై రేడియేటర్ హోస్ రాయిలా గట్టిపడితే సిలిండర్‌లోని గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోందన్నమాట. సందేహం ఉంటే మెకానిక్ దగ్గర దీనికో టెస్టర్ ఉంటుంది, కూలెంట్ ట్యాంకు మూతి మీద పెట్టి గాలి లాగుతారు. అందులోని నీలం ద్రవం పసుపుకి తిరిగితే గాస్కెట్ పోయినట్టే.

తర్వాత స్కానర్, కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాలు చదివేది. చిన్న బ్లూటూత్ ఓబీడీ అడాప్టరు, ఫోన్లో యాప్ చాలు. కీ ఆన్ చేయగానే చెక్ ఇంజన్ లైటు వెలిగి, స్టార్ట్ అవగానే ఆరాలి. అసలు వెలగనే వెలగకపోతే బల్బు పీకేశారేమో. జనం స్కానర్‌లో లోపాల కోడ్లు ఏమీ లేవని చూసి సంతోషిస్తారు. అమ్మేవాడు నిన్న రాత్రి కోడ్లు చెరిపేసి ఉంటే నీకేం కనపడుతుంది? యాప్‌లో 'రెడీనెస్ మానిటర్స్' అని ఒక పేజీ ఉంటుంది, కారు తన భాగాల్ని తానే పరీక్షించుకోవడం పూర్తయిందా లేదా అని చెప్తుంది, అది తెరువు. కోడ్లు చెరిపినా, బ్యాటరీ తీసినా అందులో క్యాటలిస్ట్, ఆక్సిజన్ సెన్సర్, ఈవాప్ (పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే ఏర్పాటు) లాంటివి "నాట్ రెడీ" అయిపోతాయి. మళ్లీ రెడీ అవ్వాలంటే బండి రకరకాల వేగాల్లో కొన్నాళ్లు తిరగాలి. ఒకటి నాట్ రెడీగా ఉంటే సరేలే అనుకోవచ్చు. నాలుగైదు ఉంటే ఏదో తుడిచేశారు. లైవ్ డేటాలో కూలెంట్ టెంపరేచర్ కూడా చూసుకో. డ్యాష్‌బోర్డు ముల్లు చాలా కార్లలో మధ్యలోకొచ్చాక ఎంతో తేడా వస్తే గాని కదలదు, కొన్ని కార్లలో ముల్లే ఉండదు, లైటే. ఫ్యూయల్ ట్రిమ్ అంటే కంప్యూటర్ పెట్రోలుని ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె; షార్ట్, లాంగ్ అని రెండుంటాయి, ఆ రెండూ కలిపి పది శాతం లోపు అటూ ఇటూ ఉంటే బాగున్నట్టు. ఇరవై దాటి ప్లస్‌లో ఉంటే ఎక్కడో గాలి లీకో, ఎయిర్‌ఫ్లో సెన్సర్ మురికో, పెట్రోలు ప్రెజర్ తక్కువో.

ఇంజన్ మిస్సింగ్ కొడుతూ (ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండక) పి0301 అనే కోడ్ వచ్చిందనుకో, లోపం ఒకటో సిలిండర్‌లో. భయపడక్కర్లేదు. ఒకటోదాని ఇగ్నిషన్ కాయిల్ తీసి మూడోదానికి పెట్టి తిప్పితే, కోడ్ పి0303కి మారితే కాయిలే పోయింది, చవకలో తేలుతుంది. మారకపోతే స్పార్క్ ప్లగ్ అటూ ఇటూ మార్చి చూడాలి, తర్వాత ఇంజెక్టరు. అప్పటికీ తేలకపోతే కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) కొలిపించు. సిలిండర్ల మధ్య పది పదిహేను శాతం మించి తేడా ఉంటే ఆ బండి జోలికెళ్లకు. పి0420 వస్తే క్యాటలిటిక్ కన్వర్టర్, పొగని శుభ్రపరిచే భాగం. అది ఖరీదైనదే, పైగా అది పోవడానికి వెనక ఆయిల్ తాగడమో, పాత మిస్‌ఫైరో కారణమై ఉండొచ్చు.

టైమింగ్ బెల్టు ఉన్న ఇంజనా, చైనా అన్నది ముందే కనుక్కో. బెల్టుకి కిలోమీటర్లతో పాటు ఏళ్ల లెక్క కూడా ఉంటుంది. ఇంజన్‌ని బట్టి అరవై వేల నుంచి లక్ష పైచిలుకు దాకా ఉంటుంది, ఖచ్చితమైన అంకె సర్వీస్ పుస్తకంలో చూడాలి. తిరగని బండిలో కూడా రబ్బరు ముసలిదవుతుంది. చాలా ఇంజన్లలో బెల్టు తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకి కొట్టుకుంటాయి, ముందు హెచ్చరికేమీ ఉండదు. "మార్చాం సార్" అంటే బిల్లు చూపించమను, బిల్లు లేకపోతే మార్చనట్టే లెక్కేసి బేరం ఆడు. మార్చేటప్పుడు టెన్షనర్, ఐడ్లర్, ఆ బెల్టే తిప్పేదైతే వాటర్ పంపు కూడా ఒకేసారి వేయించాలి, విప్పే కూలి ఒకటే కదా. ఆయిల్‌లో మునిగి తిరిగే బెల్టులున్న ఇంజన్లూ ఉన్నాయి. ఫోర్డ్ 1.0 ఈకోబూస్ట్, ప్యూజో-సిట్రోయెన్ 1.2 ప్యూర్‌టెక్ చాలా ఏళ్లు అలాగే వచ్చాయి. అక్కడ తప్పు గ్రేడు ఆయిల్ పోసినా, ఆలస్యంగా మార్చినా బెల్టు పొట్టు రాలి ఆయిల్ పికప్ జాలీకి అడ్డం పడుతుంది, ఆయిల్ ప్రెజర్ పడిపోతుంది. సర్వీస్ రికార్డు పూర్తిగా లేని అలాంటి బండి ఎంత చవకైనా నేను వద్దంటాను.

గేర్‌బాక్స్ చూడ్డం తేలికే. మాన్యువల్ అయితే నాలుగో గేరులో యాభై దగ్గర ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కు. ఆర్‌పీఎం పైకి పోయి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. క్లచ్ తొక్కినప్పుడు గురగురమంటే రిలీజ్ బేరింగ్, వదిలినప్పుడు వచ్చి తొక్కగానే ఆగితే గేర్‌బాక్స్ లోపలి బేరింగ్. చల్లటి బండిలో మూడు నుంచి రెండుకి దించితే గరుక్కుమంటే గేర్లు సాఫీగా కలిసేలా చేసే సింక్రో అరిగింది. ఆటోమేటిక్ అయితే రకం తెలుసుకో. ఫోర్డ్ పవర్‌షిఫ్ట్, ఫోక్స్‌వ్యాగన్ ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ, ఈ రెండింటికీ ఉన్న పేరు నీకూ తెలిసే ఉంటుంది: మొదటిది కదిలేటప్పుడు వణకడానికి, రెండోది గేర్లు మార్చే కంట్రోల్ భాగం, అంటే మెకట్రానిక్ యూనిట్ పోవడానికి. సీవీటీ (విడి గేర్లు లేని ఆటోమేటిక్) అయితే నెమ్మదిగా పోతూ తొక్కితే కుదుపు ఉండకూడదు. గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడూ మార్చక్కర్లేదని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో.

ఇక చప్పుళ్లు, త్వరగా చెప్పేస్తా. గతుకుల్లో చిన్న టక్ టక్, లింక్ రాడ్లు. బ్రేకు వేసినప్పుడు ఒక్క దెబ్బలా ధన్‌మంటే లోయర్ ఆర్మ్ బుష్. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలితే టిక్ టిక్ టిక్, డ్రైవ్ షాఫ్ట్ సీవీ జాయింట్, దాని రబ్బరు బూటు చిరిగి చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉంటుంది. వేగంతో పాటు పెరిగే హోరు వీల్ బేరింగ్. ఎడమకి తిప్పితే హోరు పెరిగిందంటే కుడి పక్కది, బరువు అటు పడుతుంది కాబట్టి. బ్రేకు పెడల్ కింద కాలు అదిరితే డిస్కులు. కాసేపు నడిపాక ఒక చక్రమే కాలిపోతుంటే క్యాలిపర్ పిన్నులు పట్టేశాయి. ఏసీ బ్లోయరు చివరి స్పీడులో మాత్రమే తిరుగుతోందంటే రెసిస్టరు. ఇవన్నీ బేరం తగ్గించడానికి పనికొస్తాయి, కారు వద్దనడానికి కాదు. టైర్లు మాత్రం చూడు, అవే బండి చరిత్ర చెప్తాయి. లోపలి అంచే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది, కొత్త టైరు కూడా అలాగే అరిగిందంటే ఆర్మ్ వంగిందో, ఛాసిస్‌కి దెబ్బ తగిలిందో. పక్కన 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది.

బ్యాటరీకి మల్టీమీటరు పెట్టు. ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, స్టార్ట్ చేశాక 14 అటూ ఇటూ ఉంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ బాగున్నట్టు. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే ఛార్జింగ్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, అక్కడ ఒక్క రీడింగు చూసి తేల్చకు.

నీటమునిగిన బండి అయితే ఎంత చవకైనా వద్దు. సీటు బెల్టు చివరిదాకా లాగు, కింది భాగంలో మట్టి చార కనిపిస్తుంది, దాన్ని కడగాలని చాలామందికి తోచదు. సీటు పట్టాల తుప్పు, స్టెప్నీ గుంతలో బురద కూడా చూడు. కనెక్టర్లలో ఆకుపచ్చ తుప్పు మొదలైతే ఆ బండి ఎలక్ట్రికల్ పని ఎప్పటికీ తెమలదు. యాక్సిడెంట్ సంగతి తెలియాలంటే ఫెండర్ బోల్టుల తలలు చూడు, పెయింటు చెదిరి ఉంటే విప్పారు. ఓడోమీటర్ మీద నమ్మకం లేకపోతే పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ అరుగుదల, డ్రైవర్ సీటు పక్క దిండు చూసి నువ్వే లెక్క కట్టు.

కొన్నాక మొదటి వారంలోనే ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేకు ఆయిల్, గేర్ ఆయిల్ అన్నీ ఒకేసారి మార్పించు. చిన్న పెట్రోలు ఇంజన్‌కి మూడు నుంచి నాలుగు లీటర్ల ఆయిల్ పడుతుంది, గ్రేడు సర్వీస్ పుస్తకంలో ఏది రాసుంటే అదే. ఆయిల్ పోసినప్పటి కిలోమీటర్ల అంకె, డిప్‌స్టిక్ మీద లెవెల్‌తో సహా రాసి పెట్టు, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడు. అర లీటరు కన్నా ఎక్కువ తగ్గితే నాకు ఫోన్ చెయ్యి.

అడ్వాన్స్ ఇవ్వకముందే రెడీనెస్ పేజీ, కూలెంట్ ట్యాంకు, ఆయిల్ మూత లోపలి వైపు, బెల్టు బిల్లు, ఈ నాలుగింటి ఫోటోలు పంపు. మిగతావి తర్వాత చూద్దాం.

ఇట్లు,
నీ మూర్తి