బస్సు రద్దయిన సంగతి మీకు తెలుసు, మాకు చెప్పలేదు

నమస్తే,

మీ ట్రావెల్స్ వెబ్‌సైట్‌లో "మీ సమస్య తెలుగులోనే చెప్పండి" అని పెద్ద అక్షరాలతో రాసుకున్నారు కాబట్టి తెలుగులోనే రాస్తున్నా. ఇప్పటికే చాట్‌లో మూడుసార్లు, ఫోన్‌లో రెండుసార్లు చెప్పాను. ప్రతిసారీ కొత్త మనిషి ఎత్తడం, మొదటి నుంచి మళ్లీ చెప్పించుకోవడం, ఆఖరికి "పైవాళ్లకు పంపుతాం మేడమ్" అనడం. ఆ పైవాళ్లెవరో వాళ్లే ఇది చదవండి.

మాది నల్లగొండ జిల్లా కనగల్ మండలం. నేను జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో మాస్టర్స్ చదువుతున్నా. 2025 అక్టోబర్ 17, శుక్రవారం రాత్రి బెర్లిన్ నుంచి చెక్ దేశంలోని ప్రాగ్‌కు బస్సు, అక్కడ హాస్టల్, ఆదివారం సాయంత్రం తిరుగు బస్సు, అంతా కలిపి మనిషికి 13,200 రూపాయలని మీ వీకెండ్ ప్యాకేజీ తీసుకున్నాం. మొత్తం నలుగురం: నేను, నా రూమ్మేట్ పాలమూరు అమ్మాయి, దేవరకొండ అన్న ఒకరు, సూర్యాపేట తమ్ముడు ఒకడు. విడిగా బుక్ చేసుకుంటే ఇంకాస్త తక్కువకే వచ్చేదని మాకూ తెలుసు. కానీ మీ బ్రాంచి నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరే ఉంది, ఏదైనా తేడా వస్తే మనవాళ్లే కదా పోయి అడగొచ్చు అని మా నాయిన అన్నాడు. నలుగురి డబ్బూ ఆయనే మీ ఆఫీసులో కూర్చుని ఫోన్‌పేలో కట్టాడు, మిగతా ముగ్గురూ తర్వాత ఆయనకు పంపారు. మనవాళ్లే కదా అన్న ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

పోయేటప్పుడు ఇబ్బందేమీ లేదు. తెల్లవారుజామున నాలుగింటికి దించితే హాస్టల్‌లో మధ్యాహ్నం దాకా గది ఇవ్వలేదు, అది ముందే చూసుకోకపోవడం మా పొరపాటు అనుకుందాం. హాస్టల్ మాత్రం శుభ్రంగా ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

"తెలుగు గైడ్ తోడుంటారు" అన్నారు, ఆ గైడ్ పన్నెండు పేజీల పీడీఎఫ్ అని అక్కడికి పోయాక తెలిసింది. పోనీ అందులో ఉన్నవైనా నిజాలా అంటే, "యూరోలు అన్నిచోట్లా తీసుకుంటారు, మార్చుకోవాల్సిన పని లేదు" అని రాశారు. చెక్ దేశం యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా అక్కడ నడిచేది కొరునా. మీ మాట నమ్మి చేతిలో ఒక్క కొరునా లేకుండా దిగి, ఓల్డ్ టౌన్ స్క్వేర్ పక్కన కనబడిన మొదటి కౌంటర్‌లో 100 యూరోలు మార్చాం. బయట యూరోకు 24 కొరునాలకు పైనే నడుస్తుంటే వాడు 17 లెక్కన ఇచ్చాడు. హాస్టల్ రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి రసీదు చూసి, 2019 నుంచి ఇక్కడ చట్టం ఉంది, మార్చిన మూడు గంటల్లోపు రసీదు తీసుకుపోతే వాడు మీ డబ్బు మీకు ఇచ్చి తీరాలి, పరుగెత్తండి అంది. పరుగెత్తాం, ఇచ్చాడు. మీ పన్నెండు పేజీల్లో ఈ ఒక్క ముక్క ఉన్నా ఆ పీడీఎఫ్‌కు విలువ ఉండేది. పదిహేనో శతాబ్దపు గడియారం, చార్లెస్ బ్రిడ్జి మీద ముప్పై విగ్రహాలు, ఇలాంటివి ఎవరైనా ఫోన్‌లో చూసుకుంటారు. (ఆ గడియారంలో గంటగంటకూ బొమ్మలు తిరుగుతుంటే జనం నోరు తెరుచుకుని చూస్తున్నారు, దేవరకొండ అన్న మాత్రం "మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పొద్దంతా పడే నీడ ముందు ఇదెంత" అని తీసిపారేశాడు. మీకు సంబంధం లేని ముచ్చటే, ఆ ట్రిప్‌లో మేం నవ్వుకున్నది అప్పుడే కాబట్టి రాశా.)

ఇక అసలు విషయం.

ఆదివారం సాయంత్రం 6:30 బస్సుకు ఆరింటికే ఫ్లోరెన్స్ బస్‌స్టేషన్‌కు పోయాం. ఫ్లోరెన్స్ అంటే ఇటలీ ఊరు కాదు, ప్రాగ్‌లో పెద్ద బస్‌స్టేషన్ పేరే అది. బోర్డు మీద మా బస్సు లేదు. ఆలస్యమేమో అనుకుని 6:30 దాకా చూసి కౌంటర్‌లో అడిగితే, ఆమె బుకింగ్ నంబర్ కొట్టి చూసి చెప్పింది: ఈ బస్సు శనివారం పొద్దున 11 గంటలకే రద్దయింది, బుకింగ్‌లో ఉన్న మెయిల్‌కు సమాచారం పంపాం, ఆదివారం మధ్యాహ్నం 3:30 బస్సులో అదనపు డబ్బు లేకుండా సీటు తీసుకుంటారా లేక డబ్బు వాపస్ తీసుకుంటారా అని అడిగాం, శనివారం మధ్యాహ్నమే మీరు వాపస్ ఎంచుకున్నారు కదా అని. మేం ఎంచుకోవడమేంటి అని స్క్రీన్ చూపించమంటే అక్కడున్న మెయిల్ ఐడీ మాది కాదు, మీ కంపెనీది. ఫోన్ నంబర్ కూడా మీదే.

అంటే శనివారం మధ్యాహ్నం హైదరాబాద్‌లో మీ ఆఫీసులో ఎవరో ఆ మెయిల్ తెరిచారు, చదివారు, వాపస్ బటన్ నొక్కారు, మా నలుగురి తిరుగు టికెట్ల డబ్బు మీ కార్డులోకి వేసుకున్నారు. ఆ తర్వాత ఒక్క వాట్సాప్ మెసేజ్ పెట్టడానికి వాళ్లకు చేతులు రాలేదు. ఒక రోజుకు పైగా టైముంది. ఆదివారం మూడున్నరకు ఆ ఉచిత సీట్ల బస్సు కదిలేటప్పుడు మేం ఆ ఊళ్లోనే బ్రిడ్జి మీద నిలబడి ఫొటోలు దిగుతున్నాం.

మీ "24 గంటల సపోర్ట్" నంబర్‌కు అక్కడి నుంచే కాల్ చేశా. అక్కడ 6:30 అంటే మన దగ్గర రాత్రి పది. మోగి మోగి కట్ అయింది, పదకొండుసార్లు. అప్పటికి దొరికిన బస్సు అర్ధరాత్రి దాటాక ఉన్నది ఒక్కటే, మనిషికి 44.99 యూరోలు. నలుగురికి 179.96. ఇద్దరు ఆడపిల్లలం రాత్రి ఒంటిగంట దాకా బస్‌స్టేషన్‌లో కూర్చున్నామని తెలిస్తే ఇంట్లో నిద్రపోరు, అందుకని అమ్మ ఫోన్ చేస్తే హాస్టల్‌లో పడుకున్నా అని అబద్ధం చెప్పా. దారిలో బోర్డర్ దాటగానే జర్మన్ పోలీసులు బస్సెక్కి అందరి కాగితాలూ చూశారు. "రెసిడెన్స్ కార్డు ఒక్కటి చాలు" అని మీ పీడీఎఫ్‌లో ఉంది. చాలదు, పాస్‌పోర్ట్ కూడా ఉండాలి. సూర్యాపేట తమ్ముడు మీ మాట నమ్మి పాస్‌పోర్ట్ గదిలోనే వదిలేసి రాబోతే బయల్దేరే ముందు నేనే తిట్టి తెప్పించా. ఆ లైన్ ఇవాళే తీసేయండి, ఇంకెవరో ఒకరు ఇరుక్కుంటారు.

సోమవారం పొద్దున ఆరింటి షిఫ్ట్‌కు నేను పోలేకపోయా, అయిదు గంటల జీతం పోయింది. ఆ రోజే దీపావళి. అందరం కలిసి వండుకుందామనుకున్నాం, మాగ్డెబర్గ్ చేరి నలుగురం సాయంత్రం దాకా పడి నిద్రపోయాం.

తర్వాత మీరన్న మాటలు రాస్తా. చాట్‌లో మొదటి జవాబు: "మీరు బోర్డింగ్ చేయలేదు, నో షో కాబట్టి రిఫండ్ వర్తించదు." లేని బస్సు ఎలా ఎక్కాలి సార్? రెండో జవాబు: "బస్సు కంపెనీని అడగండి." అడిగా. వాళ్లు రద్దు మెయిల్, వాపస్ చేసిన తేదీ, మొత్తం 111.96 యూరోలు అన్నీ రాసి పంపారు, దీనికి జత చేస్తున్నా. మూడోసారి వియన్నా ట్రిప్‌కు పది శాతం డిస్కౌంట్ కూపన్ ఇస్తామన్నారు. మీతో ఇంకో ఊరు పోతామని ఎలా అనుకున్నారో నాకైతే అర్థం కాలేదు.

ఇదంతా ఒక ఎత్తు. మా నాయిన బత్తాయి తోట పని వదిలి రెండుసార్లు మీ నల్లగొండ బ్రాంచికి వచ్చాడు. మొదటిసారి గంటన్నర కూర్చోబెట్టి "మాకేం తెల్వదు పెద్దాయనా, హైదరాబాదోళ్లను అడుగు" అన్నారట. రెండోసారి "మీ బిడ్డనే మెయిల్ చూసుకోలేదు" అన్నారట. ఆయన నాకు ఫోన్ చేసి, "చూసుకోవాలె గదా బిడ్డా" అన్నాడు. మీ మెయిల్ నేనెట్లా చూడాలి? మీ తప్పు మా నాయిన దృష్టిలో నా తప్పయింది. డబ్బు కంటే నాకు కోపం వచ్చింది దీనికే.

రూల్ కూడా చెప్తా, తెలియక అడుగుతున్నారని అనుకోకండి. యూరప్‌లో 250 కిలోమీటర్లు దాటిన బస్సు రద్దయితే ప్రయాణికులకు వేరే బస్సు లేదా డబ్బు వాపస్, రెంటిలో ఒకటి ఎంచుకునే అవకాశం ఇవ్వాలని 181/2011 నిబంధన ఉంది. ఆ అవకాశమే ఇవ్వకపోతే టికెట్ ధరలో సగం అదనంగా కట్టాలి. బస్సు కంపెనీ ఆ అవకాశం ఇచ్చింది, అది మా దాకా రాకుండా మధ్యలో ఆపింది మీరు. అందుకే ఈ లేఖ వాళ్లకు కాకుండా మీకు రాస్తున్నా.

మాకు కావాల్సింది కొత్త టికెట్ల ఖర్చు 179.96 యూరోలు, అంతే. పాత టికెట్ల డబ్బు వేరేగా అడగడం లేదు, రెండూ అడిగితే న్యాయం కాదు. అందులో 111.96 ఇప్పటికే మీ దగ్గరున్న మా డబ్బే, మీ జేబులోంచి పోయేది 68 యూరోలు. పోయిన షిఫ్ట్ జీతం కూడా కలపమని సూర్యాపేట తమ్ముడు గొడవ చేశాడు, నేనే వద్దన్నా. ఇక మీదట టికెట్ బుక్ చేసేటప్పుడు ప్రయాణికుల మెయిల్, ఫోన్ నంబర్ పెట్టండి, రెండు నిమిషాల పని.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో డబ్బు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాం, ఆ తర్వాత నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కట్టిన మొత్తం అయిదు లక్షల లోపుంటే ఫీజు కూడా లేదు. డబ్బు కట్టింది మా నాయిన, రసీదు ఆయన పేరు మీదే ఉంది, కాబట్టి కేసు వేసేది కూడా ఆయనే.

డబ్బు నాకు పంపకండి, ఆయనకే పంపండి. నంబర్ కోసం ఆయన్ను మళ్లీ ఆఫీసుకు రమ్మనొద్దు, ఏ ఫోన్‌పే నుంచి మీకు డబ్బు వచ్చిందో దానికే తిరిగి కొట్టండి. కొట్టాక ఆయనకు ఫోన్ చేసి, మెయిల్ మీ బిడ్డకు రాలేదు, మాకే వచ్చింది అని ఒక్క మాట చెప్పండి.

ఇట్లు,
మాగ్డెబర్గ్ నుంచి మీ కస్టమర్

జత చేసినవి: నల్లగొండ బ్రాంచి రసీదు, బస్సు కంపెనీ పంపిన మెయిల్, కొత్త టికెట్లు నాలుగు, మీ చాట్ స్క్రీన్‌షాట్లు.