ఒక పూట మానేయమని చెప్పకండి

సంపాదకులకు నమస్కారం.

తక్కువ ఖర్చుతో నగరాలు తిరిగేవాళ్లు ఒక పూట తిండి మానేస్తే డబ్బు మిగులుతుందని మీ పర్యాటక పేజీలో రాశారు. పదిహేనేళ్లుగా చిన్న సంచీ, కొద్ది డబ్బుతో తిరుగుతున్నదాన్ని, దయచేసి ఆ సలహా మళ్లీ వేయకండి. కొత్తలో నేనూ ఆ పని చేశాను. పొద్దున్నుంచి ఏమీ తినకుండా మ్యూజియం అంతా చూసి, మూడింటికి కాళ్లు వణుకుతుంటే గేటు ఎదురుగా కనిపించిన హోటల్లోకి వెళ్లి కూర్చున్నాను, రేట్లు కూడా చూడలేదు. రెండు రోజుల తిండి డబ్బు ఆ ఒక్క బిల్లుకే అయిపోయింది. కడుపు కాలుతున్నప్పుడు ఇంకో నాలుగు వీధులు నడిచే ఓపిక ఎవరికుంటుంది?

ఇప్పుడు పొద్దున్నే ఏదో ఒకటి తిని బయల్దేరతాను, పెద్ద భోజనం మధ్యాహ్నానికి పెట్టుకుంటాను. ఉద్యోగాలవాళ్ల కోసం చాలా హోటళ్లు ఆ పూట తక్కువ ధరకి పెడతాయి, రాత్రి అదే వంటకి ఎక్కువ అడుగుతాయి. పర్యాటకుల వీధి దాటి, డ్రైవర్లు నిలబడి తినే చోటు వెతుక్కుంటాను. అక్కడ వండింది వండినట్టే అయిపోతుంది, నిలవ ఉండే ప్రశ్నే లేదు.

చవక అని ఏదిపడితే అది తినమని కాదు. వండినది బయట రెండు గంటలకు మించి ఉంచకూడదని, వేడిగా ఉంచితే 60 డిగ్రీల పైనే ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనం థర్మామీటర్ పట్టుకెళ్లం కదా, అందుకే నేను మూత తీసేదాకా ఆగి చూస్తాను. గుప్పున ఆవిరి లేచి వడ్డించేవాళ్ల మొహాన్ని కమ్మేస్తే సరే, అంచుల వెంట పొర ఎండిపోయి గరిటె కదిపినా ఆవిరి రాకపోతే ఎంత చవకైనా వెనక్కి తిరిగి వచ్చేస్తాను. కడుపు చెడితే మందులు, ఇంకో రోజు గది అద్దె, పైగా ఊరు కాని ఊళ్లో ఆ టెన్షన్.

తెలియకుండా డబ్బు పోయేది మాత్రం నీళ్ల దగ్గరే. ఎండలో తిరుగుతుంటే రోజుకి మూడు నాలుగు సీసాలు కొంటాం, విడివిడిగా చూస్తే చిన్న మొత్తాలే, వారం తర్వాత లెక్కేస్తే ఒక పెద్ద భోజనం ఖర్చు అక్కడే కనిపిస్తుంది. కుళాయి నీళ్లు తాగదగ్గ నగరమైతే ఖాళీ సీసా ఒకటి చాలు. కాకపోతే బసలో బాగా మరగబెట్టి, రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున నింపుకుంటాను. అలాంటి చోట ఐస్ కూడా వేయించుకోకూడదు, గడ్డకట్టినంత మాత్రాన నీళ్లలోని క్రిములు చావవు.

మీరు ఏ నగరం గురించి రాసినా హోటళ్ల ఫొటోలకి ఇచ్చే చోటులో కొంచెం తీసి, అక్కడి కుళాయి నీళ్లు తాగొచ్చా, సీసా ఎక్కడ నింపుకోవచ్చు, మధ్యాహ్నం పనివాళ్లు ఏ వైపు తింటారు, ఈ మూడూ వేయండి. మొదటిసారి ఒంటరిగా బయల్దేరే పిల్లలు ఆ పేజీ చింపి జేబులో పెట్టుకుంటారు.

ఇట్లు
మీ పాఠకురాలు