వరండా గోడ మీది రాతల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు, ఒకటి, రెండు తరగతుల పిల్లలు రాసిన కాగితాలు వరండా గోడకు అతికించాం. సాయంత్రానికే ఒక ఫొటో వాట్సాప్ గ్రూపులో తిరిగింది. తెలుగు పండగ నాడు తప్పుల తెలుగు గోడకెక్కించారేమిటని, టీచర్లు ఎర్ర పెన్ను పట్టడం మానేశారా అని చాలామంది అడిగారు. ఒడిశాలో ఉన్న మన పర్లాకిమిడిలో ఒక మాట వీధి వీధికీ చేరడానికి ఎంతసేపు! అందుకే ఈ నెల ఉత్తరం దాని గురించే రాస్తున్నాను.

ఫొటోలో ఉన్నది రెండో తరగతి పాప కాగితం. "తాత ఏట్లో సేపలు పట్టేడు. ఒకటి గెంతేసింది. నాను నవేను." అందరి కళ్లూ 'సేపలు', 'నాను' మీదే పడ్డాయి. అవే మూడు వాక్యాలు ఇంకోసారి చూడండి. ముందు జరిగింది ముందుంది. ప్రతి వాక్యం చివరా చుక్క ఉంది, మాటకీ మాటకీ మధ్య చోటుంది. పోయిన ఏడాది పలక మీద అక్షరాలు కలిసిపోతున్నాయని ఏడ్చిన పిల్ల, ఇప్పుడు ఎవర్నీ అడక్కుండా మహేంద్రతనయ ఏటి ఒడ్డున తాను చూసింది రాసింది! 'నవ్వేను'లో వత్తు రాలేదు, నిజమే. వత్తులు ఇప్పుడే మొదలుపెట్టాం.

ఒకటో తరగతిలో చాలామంది 'మేక'ను 'మెక' అని రాస్తున్నారు. వీధిలో ఒడియా మాట్లాడుతూ, ఆ అక్షరాలు కూడా నేర్చుకుంటున్న పిల్లలు వీళ్లు. ఒడియాలో ఎ ఒక్కటే. మనకి ఎ వేరు, ఏ వేరు. ఆ తేడా ముందు చెవికి పట్టాలి, ఆ తర్వాతే చేతికొస్తుంది. అందుకే మెడ, మేడ, కొన, కోన అంటూ పొట్టి అచ్చుకి ఒక చప్పట, పొడుగుదానికి రెండు కొట్టిస్తున్నాం. క్లాసులోంచి ఆ చప్పుడు వినపడితే ఆటలాడిస్తున్నారనుకోకండి.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే. జనం మాట్లాడే తెలుగు చదువుల్లోకి రావాలని పోరాడారు. సవర గిరిజనుల పిల్లల కోసం సవర భాష నేర్చుకుని, వాళ్ల భాషలో వాచకాలు రాసి, బడులు పెట్టించారు. అలాంటాయన పండగ నాడు, ఆయన ఊళ్లో, పసిపిల్ల ఇంటి మాట రాసిందని మనం సిగ్గుపడతామా? ఆరేడేళ్ల పిల్లలు రాయడమంటే నోట్లో ఉన్న మాట కాగితం మీద పెట్టడమే. మాటమాటకీ అడ్డుపడితే, తప్పు రాదని తెలిసిన రెండు ముక్కలే రాసి ఊరుకుంటారు. పుస్తకంలో తెలుగు తప్పకుండా నేర్పుతాం. చిన్న తరగతుల చదువు కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిపుణ్ భారత్ కూడా అడిగేది మూడో తరగతి అయ్యేసరికి అర్థం చేసుకుని చదవగలగాలనే. 'సేప' పక్కన 'చేప' రాసి చూపిస్తాం, 'సేప' మీద గీత మాత్రం కొట్టం.

ఇక ఇంటి సంగతి. కొన్ని పుస్తకాల్లో హోంవర్కు పెద్దల చేతిరాతలో వస్తోంది. పిల్లల మీద మీ ప్రేమ మాకు తెలుసు, కానీ దయచేసి మీరు రాయకండి. రబ్బరుతో చెరిపించి చెరిపించి కాగితం చిరిగేదాకా రాయించకండి. రాత్రి పొద్దుపోయేదాకా ఫోను చేతికిస్తే పొద్దున్న మొదటి పీరియడంతా ఆవలింతలే. ఆ టైములో ఒక పావుగంట పక్కన కూర్చోబెట్టుకుని కథ చదివించుకోండి. మీకు చదవడం రాకపోతే మీరే ఒక కథ చెప్పండి, అదీ చదువే. మన మూడో తరగతి బాబు మధ్యాహ్న భోజనమయ్యాక చిన్నపిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, పులికొక గొంతు, ఆవుకొక గొంతు పెట్టి చదువుతున్నాడు. ఆగి వినని టీచరు లేరు!

ఆధార్ జిరాక్సులు ఇవ్వనివాళ్లు సోమవారంలోగా ఇవ్వండి. నీళ్ల సీసాల మీద పేర్లు రాయండి. దసరా సెలవుల తేదీలు నోటీసు బోర్డులో ఉన్నాయి.

కాగితాలు దసరా దాకా వరండాలోనే ఉంటాయి. బడి వదిలాక వచ్చి, మీ పిల్లల చేతే చదివించుకుని వినండి. ఫొటో తీసుకుంటే మీ పిల్లలదే తీసుకోండి, వేరేవాళ్ల పిల్లలవి గ్రూపుల్లో పెట్టకండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు