వార్షిక నివేదిక 2024–25: మన కాలనీ బతుకమ్మ నోటుబుక్కు

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక మురుగు కాలువలతో మొదలై, వీధి దీపాల మీదుగా నడిచి, చివర ఎక్కడో "బతుకమ్మ వేడుకలు ఘనంగా నిర్వహించబడినవి" అన్న ఒక్క వాక్యంతో పండుగను దాటేస్తుంది. ఈసారి వరస తిరగేశాను. కార్యవర్గంలో ఇద్దరు వద్దన్నారు. అయినా ఈ ఏడాది మనం చేసిన పనుల్లో పదికాలాలు నిలిచేది బతుకమ్మ నోటుబుక్కే అని నా నమ్మకం. కాలువల సంగతి చివర ఉంది, ఓపిక ఉన్నవాళ్లు అక్కడిదాకా రండి.

ఆ నోటుబుక్కు మన పొరపాటు వల్లే పుట్టింది. 2023లో సంఘం తరఫున పంచిన కరపత్రంలో తొమ్మిది రోజుల పేర్లు తారుమారయ్యాయి. వేపకాయల బతుకమ్మ ఆరో రోజుకు, అలిగిన బతుకమ్మ ఏడో రోజుకు పోయాయి. ప్రూఫు చూసింది నేనే. మూడో వీధి చివరింటి అవ్వ ఆ కాగితం పట్టుకొని మా ఇంటికొచ్చి, "ఏం బిడ్డా, అమ్మ ఎన్నడు అలిగిందో గూడ మీకు యాదికి లేదా?" అని అడిగింది. చాయ్ తాగమంటే తాగలేదు.

అందుకే 2024 ఆగస్టు సమావేశంలో ఒక తీర్మానం చేశాం. పండుగకు ముందే ఇంటింటికీ వెళ్లి, మీ ఊళ్లో బతుకమ్మ ఎట్ల చేస్తరు, ఎందుకు చేస్తరు, ఏం పాడుతరు అని ఆడవాళ్లను అడిగి రాసుకోవాలి. రాసే పని డిగ్రీ చదివే నలుగురు ఆడపిల్లలు తీసుకున్నారు. హనుమకొండలో ఉంటున్నామన్న మాటే గాని మనవాళ్లు నర్సంపేట, పరకాల, సిద్దిపేట, నల్లగొండ, కరీంనగర్ వైపుల నుంచి వచ్చి ఇక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్లు. ఒక్క వీధిలోనే ఆరేడు ఊళ్ల బతుకమ్మ ఉందని ఆ నోటుబుక్కు నిండుతుంటే గాని తెలియలేదు.

అసలు ఈ పండుగ ఎట్ల పుట్టింది అన్నది మొదటి ప్రశ్న. ఎక్కువమంది చెప్పింది ధర్మాంగదుడి కథ. చోళదేశపు రాజు ధర్మాంగదుడు, ఆయన భార్య సత్యవతి. నూరుమంది కొడుకులూ యుద్ధంలో చనిపోతే ఇద్దరూ అడవి పట్టి లక్ష్మీదేవి కోసం తపస్సు చేశారు. దేవి వాళ్లకు బిడ్డగా పుట్టింది. చూడవచ్చిన మునులు ఈ బిడ్డయినా బతకాలని దీవించి బతుకమ్మ అని పేరు పెట్టారు. నూరుగురిని పోగొట్టుకున్న తల్లికి ఆ పేరు తప్ప ఇంకేం పేరు తోస్తుంది?

రెండో కథ వేములవాడది. చోళులు దండెత్తి వచ్చి రాజరాజేశ్వరుడి గుడిలోని పెద్ద లింగాన్ని తంజావూరు తీసుకుపోయి బృహదీశ్వరాలయంలో పెట్టారనీ, శివుడు పోగా ఒంటరిగా మిగిలిన బృహదమ్మే బతుకమ్మ అయిందనీ, ఆ దుఃఖంతోనే జనం పూలను పర్వతంలా పేర్చి పూజించారనీ చెబుతారు. తంజావూరు పెద్దగుడి 1010లో పూర్తయింది. అక్కడి లింగం నిలువెత్తు మనిషికి రెట్టింపు ఉంటుంది. దాన్ని ఇక్కడి నుంచి అంత దూరం ఎట్ల మోశారని నాకు అనుమానం. ఆ మాట పైకి అన్నందుకు మా వదిన, "పూలతోని గుట్ట కడుతున్నం, రాయి మొయ్యలేరా?" అంది. అనుమానం నాదగ్గరే పెట్టుకొని కథ మాత్రం రాయించాను. మహిషాసురుణ్ణి చంపి అలసి నిద్రపోయిన అమ్మవారిని లేపడానికి పాడే పాటలని చెప్పినవాళ్లు కూడా ఉన్నారు. ఏది నిజమని మేం తేల్చలేదు. మూడూ వరసగా, ఎవరు చెప్పింది వాళ్ల ఊరి పేరుతో రాసి పెట్టాం.

కొందరు ఇంకా వెనక్కి వెళ్లి బొడ్డెమ్మ దగ్గర మొదలుపెట్టారు. బతుకమ్మకు ముందు పెండ్లికాని ఆడపిల్లలు పుట్టమన్నుతో మెట్లుమెట్లుగా బొడ్డెమ్మను చేసి, పూలు పెట్టి ఆడేవాళ్లు. బొడ్డెమ్మను సాగనంపాక పెద్దవాళ్ల బతుకమ్మ వచ్చేది. మన కాలనీలో బొడ్డెమ్మ ఆడిన పిల్ల ఇప్పుడు ఒక్కతీ లేదు. పుట్టమన్ను ఎక్కడ దొరుకుతుందని అడిగితే నలుగురూ నలుగురి ముఖాలు చూసుకున్నారు.

2024లో పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య, అక్టోబరు 2న వచ్చింది. ఆ రోజే ఎంగిలి పూల బతుకమ్మ. ఎంగిలి అనడానికి ముందురోజే పూలు తెంపి నీళ్లు చల్లి ఉంచడం కారణమని కొందరు, కత్తి వాడకుండా కాడలను పంటితో కొరకడం కారణమని కొందరు, తిన్నాక పేర్చడం వల్లనని ఇంకొందరు చెప్పారు. సాయంత్రం సగం కాలనీ 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడికి బతుకమ్మలతో నడిచివెళ్లింది. మిగతా సగం ట్రాఫిక్కు భయపడి పార్కులోనే ఆడింది.

తర్వాతి నాలుగు రోజుల పేర్లన్నీ నైవేద్యాల పేర్లే. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు. ఆరో రోజు, అంటే అక్టోబరు 7న, అమ్మ అలిగింది కాబట్టి పూలు పేర్చలేదు, ఆడలేదు. (అవ్వగారు గమనించగలరు.) ఏడో రోజు బియ్యప్పిండిని వేపకాయల్లా చేసి నూనెలో వేయించారు. ఎనిమిదో రోజు వెన్నముద్దలు. వీటిలో ఏ వంటకూ పెద్ద ఖర్చు లేదు. చిన్నపిల్లలు తినేవి, పేదింట్లోనూ ఉండేవి.

ఈ లెక్క అందరికీ ఒకటే అనుకుంటే మళ్లీ కరపత్రం తప్పే అవుతుంది. వేములవాడ నుంచి వచ్చిన మన కోడలు ఒకామె ఏడో రోజే సద్దులు కట్టింది. వాళ్ల దగ్గర పండుగ ముగిసే సద్దుల బతుకమ్మ ఏడో నాడే. రెండు వీధులవాళ్లు వింతగా చూశారు గాని ఆమె సిబ్బి (బతుకమ్మను పేర్చే పళ్లెం) చుట్టూ ఆడడానికి అందరూ వెళ్లారు. తొమ్మిదో రోజు అత్తగారింటి బతుకమ్మ కూడా ఆమే పేర్చింది. రెండుసార్లు పండుగ చేసుకున్నది కాలనీ మొత్తంలో ఆమె ఒక్కతే.

ఇక పూల దగ్గరికి వద్దాం. 2014లో రాష్ట్రం వచ్చాక బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పం అయింది. ఆ రాష్ట్ర పుష్పం మన కాలనీలో ఒక్క చెట్టుకైనా లేదు. పదేళ్ల కిందటి వరకు వెనక ఉన్న బీడులో తంగేడు, చేల గట్ల మీద గునుగు కావలసినంత ఉండేవి. ఇప్పుడు బీడు ప్లాట్లయింది. వాన వెలిసే కాలానికి ఎవరూ విత్తకుండా, నీరు పెట్టకుండా వాటంతటవే పూసే పూలతో మన ముత్తవ్వలు దేవతను చేశారు. మనం ఆ కలుపు మొక్కను కట్టకింత అని బేరమాడి కొంటున్నాం. మొదటి రోజు ఒక వ్యాపారి తెచ్చి దించిన గునుగు సగం కుళ్లింది. డబ్బు వాపసు అడిగితే పూలకు వాపసు ఉండదన్నాడు. అక్కడి నుంచి మనవాళ్లే రెండు ఆటోలు మాట్లాడుకొని, తెల్లారకముందే ఊరి బయట గుట్టల వైపు వెళ్లి తంగేడు తెంపుకొచ్చారు. ఆ ప్రయాణాలకు వెళ్లిన మగవాళ్లకు తంగేడుకూ కసివిందకూ తేడా తెలియక ఒక గోనెసంచి వృథా అయిందని కూడా ఇక్కడ నమోదు చేస్తున్నాను.

సద్దుల రోజు మధ్యాహ్నం అవ్వ తన వాకిట్లో పేర్చి చూపించింది. సిబ్బిలో గుమ్మడాకులు పరిచింది. అంచు వెంట తంగేడు ఒక వరస. దాని మీద గునుగు కట్టలు, కాడలు లోపలికి, కుచ్చులు బయటికి. మధ్యలో గుంట పడకుండా తుంచిన ఆకులూ కాడలూ కూరి అరచేత్తో అదిమింది. అదిమినప్పుడల్లా చెవి దగ్గర పెట్టుకొని విన్నట్టు తల వంచేది. ఎందుకని అడిగితే, "వదులుంటే చప్పుడు తెలుస్తది" అంది. బంతి, చామంతి, కట్ల పూలు, సీతజడ వరసలు పైకి పోతూ సన్నబడ్డాయి. శిఖరాన గుమ్మడి పువ్వు, దాని పక్కన తమలపాకులో పసుపు గౌరమ్మ. ఆమె పేర్చినది చెరువుదాకా ఒక్క పువ్వు రాలకుండా చేరింది. మన కార్యవర్గం వాళ్లు పేర్చిన నిలువెత్తు బతుకమ్మ లారీ ఎక్కించేటప్పుడే నడుము విరిగింది.

గునుగుకు రంగులు అద్దడం గురించి ఆడవాళ్లలో గట్టి చర్చ నడిచింది. బతుకమ్మ పూలు చెరువు నీళ్లను శుభ్రం చేస్తాయని మనం ఏటా మైకులో చెబుతాం. బజారు రంగునీళ్లలో ముంచిన గునుగుకు ఆ మాట చెల్లదు. అందుకని ఈసారి కొన్ని కట్టలు పసుపునీళ్లలో, కొన్ని బీట్‌రూటు నీళ్లలో ముంచి చూశారు. పసుపు బాగానే పట్టింది. బీట్‌రూటు సాయంత్రానికి వెలిసిపోయి, మోసినవాళ్ల చీరల మీదికి దిగింది. వచ్చే ఏడు సగం గునుగు తెల్లగానే వదిలేద్దామని మహిళా విభాగం నిర్ణయం.

డీజే సంగతి. 2023లో పాటలన్నీ సౌండ్ బాక్సులవే, ఆడవాళ్లు నోరు మెదపలేదు. ఈసారి పెట్టవద్దని తీర్మానించాం. యువజన విభాగం అలిగింది (వాళ్లకు ఆరో రోజు దాకా ఆగే ఓపిక లేదు). అప్పటికే ఇచ్చిన అడ్వాన్సు సౌండ్ సిస్టం అతను తిరిగి ఇవ్వలేదు. జమాఖర్చుల్లో అది నష్టం కింద చూపించాం.

పాటలు రికార్డు చేసే పని మేం అనుకున్నంత సులువు కాలేదు. అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి ఫోను ముందు పాడమంటే రెండు చరణాలకే ఆగిపోయింది, తర్వాతిది గుర్తు రాలేదు. పార్కులో నలుగురు చప్పట్లు అందుకొని, వంగి లేస్తూ చుట్టూ తిరగడం మొదలుపెట్టగానే ఆ పాటే ఆమె నోట ముప్పావు గంట సాగింది. ఒకామె చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు అంది పాడతారు, ఆ సందులో ఎత్తుకున్నామెకు తర్వాతి చరణం తోస్తుంది. దాంతో పిల్లలు కూర్చొని రాయడం మానేసి, ఫోను చేతిలో పట్టుకొని వలయంలోనే తిరుగుతూ రికార్డు చేశారు. వాటిలో ఊపిరి చప్పుడు, గాజుల చప్పుడు బాగా ఉంది, మన్నించాలి. పల్లవి చివర ఉయ్యాలో అనేవీ, చందమామ అనేవీ, కోల్ అనేవీ, వలలో అనేవీ దొరికాయి. గౌరమ్మ పాటలు, రామాయణం, అత్తగారింటికి పోయే బిడ్డకు తల్లి చెప్పే బుద్ధులు ఎక్కువ. సాయుధ పోరాట కాలంలో దొరల మీద జనం కట్టుకున్న పాటలు కూడా ఈ ఉయ్యాల వరసలోనే నడిచేవి. నల్లగొండ నుంచి వచ్చిన పెద్దమ్మ ఒకామెకు అలాంటి పాట సగం గుర్తుంది. మిగతా సగం వాళ్ల చెల్లెలి దగ్గర ఉందట. ఆ చెల్లెలిది సూర్యాపేట. పోవాలి.

అక్టోబరు 10న సద్దుల బతుకమ్మ. పెరుగు, చింతపండు పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వుల సద్దులు ఇంటికొకటి పంచుకొని చేశారు. మలీద (రొట్టెను బెల్లంతో కలిపి చేసే తీపి ముద్ద) మాత్రం అందరూ చేశారు, దాన్ని ఎవరూ వదులుకోలేదు. పద్మాక్షి గుట్ట దగ్గర జనం ఇసుక వేస్తే రాలనట్టు ఉన్నారు. నీళ్లలో వదిలేముందు గౌరమ్మ పసుపు తీసి ఒకరికొకరు పుస్తెలకు రాసుకున్నారు. ఏడాది కిందట భర్త పోయిన ఒక సోదరి వెనక్కి తగ్గి నిలబడితే, అవ్వే ఆమె చెయ్యి పట్టి ముందుకు తెచ్చి సిబ్బిలోని మలీద మొదటి ముద్ద ఆమె చేతిలో పెట్టింది. దీని గురించి తర్వాత రెండు మూడు ఇళ్లలో గుసగుసలు వచ్చాయి. ఆ ఇళ్లవాళ్ల మాటలు నోటుబుక్కులో రాయలేదు.

మిగతా పనులు క్లుప్తంగా. సెప్టెంబరు మొదటి వారంలో వానలకు మహబూబాబాద్, ఖమ్మం జిల్లాలు మునిగినప్పుడు బియ్యం, దుప్పట్లు పోగుచేసి పంపాం. సంక్రాంతి ముగ్గుల పోటీ జరిగింది, బహుమతుల మీద గొడవా జరిగింది. రెండో వీధి కాలువ పూడిక తీయించాం, నాలుగో వీధిది ఇంకా తీయించాలి. వీధి దీపాల్లో పార్కు గేటు దగ్గరిది మళ్లీ పోయింది. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

నోటుబుక్కు, రికార్డింగులు సంఘం గది బీరువాలో ఉన్నాయి, తాళం నా దగ్గర. ఇంకా రాయించని ఇళ్లు ఒకటో వీధిలోనే ఎక్కువ. 2025లో పెత్రమాస సెప్టెంబరు 21న. బొడ్డెమ్మ ఆడించాలంటే అంతకుముందే మొదలుపెట్టాలి కాబట్టి, పుట్టమన్ను ఎక్కడుందో తెలిసినవాళ్లు ఆగస్టులోపు మహిళా విభాగానికి చెప్పగలరు.

ఇట్లు,
కార్యదర్శి