రైతు మట్టి రైతుకే

ఫార్గో, నార్త్ డకోటా
ఆదివారం

ఒరేయ్ సూరీ,

దసరా ముందు రాసిన ఉత్తరానికి ఇప్పుడా జవాబు అని తిట్టుకుంటున్నావని తెలుసు. తిట్టుకుంటూనే చదువు. మేం కులాసా. పాపకు జలుబు తగ్గింది, మా ఆవిడ కొత్త ఉద్యోగంలో చేరింది, ఇంటి అద్దె పెరిగింది. మా విశేషాలు ఇంతే. అసలు సంగతి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మొన్న చక్కెర తీసే దుంపల (షుగర్ బీట్) కోతకు వెళ్లి, రాత్రంతా లారీలో గడిపాను. పక్కింటి పెద్దాయన అన్నగారికి హిల్స్‌బరో దగ్గర పొలం ఉంది. ఇక్కడి నుంచి ఉత్తరంగా గంటలోపు దారి. దారిలో ఒక్క మెరక కనబడితే ఒట్టు! ఈ రెడ్ రివర్ లోయంతా మంచుయుగం చివర్లో అగాసీ అనే మహా సరస్సుకు అడుగు. అందుకే ఈ చదును, ఈ నల్లటి నేల. నది కూడా తిక్కదే, ఉత్తరాన కెనడాలోకి పారుతుంది. వసంతంలో ఇక్కడ మంచు కరిగేసరికి దిగువన ఇంకా గడ్డకట్టే ఉంటుంది. నీళ్లు పోయే దారిలేక ఊళ్ల మీద పడతాయి. 1997లో గ్రాండ్ ఫోర్క్స్ అలాగే మునిగింది. సరే, ఆ కథ మొదలుపెడితే దుంపల దాకా రాలేను.

మేం వెళ్లేసరికి కోత ఆపేసి కూర్చున్నారు. ఎందుకో చెప్పుకో. ఎండ ఎక్కువైందట! ఎండంటే 22 డిగ్రీలు. నువ్వు కిళ్లీకొట్టు దగ్గర మఫ్లరు చుట్టుకుని నిలబడే వాతావరణం (ఆ మఫ్లరు ఇంకా బతికే ఉందా?). దుంప వెచ్చగా ఉండగా కుప్ప వేస్తే లోపల వేడెక్కి కుళ్లిపోతుంది. అలాగని నేలలోనే గడ్డకట్టినా పనికిరాదు. ఈ రెండింటి మధ్య దొరికిన రోజుల్లోనే పని కావాలి. అందుకే అక్టోబరులో రాత్రీ పగలూ లేదు, 12 గంటల షిఫ్టులు.

చీకటి పడి చల్లబడ్డాక కబురు వచ్చింది. ఇక చూడాలి, నాలుగు దిక్కులా యంత్రాల దీపాలే. ముందు ఒకటి ఆకు నరుకుతూ పోతుంది, వెనక ఇంకొకటి దుంపలు పెకలించి పక్కనే నడిచే లారీలో పోస్తుంది. నిండగానే కాటాకి. అక్కడ దుంపల్ని దులిపి కుప్ప మీదికి ఎక్కించే పెద్ద యంత్రం ఉంది. రాలిన మట్టిని ఏం చేసిందో తెలుసా? తిరిగి మా లారీలోనే పోసింది! ఆ మట్టి బరువు తీసేయడానికి మళ్లీ కాటా. మట్టి మీది, పట్టుకుపొండి అని. కాటా దగ్గర మీ నాన్నగారి వీరంగం గుర్తొచ్చి ఒక్కడినే నవ్వుతుంటే పెద్దాయన నావైపు అనుమానంగా చూశాడు. పైగా ప్రతి రైతు దుంపల్లోంచి నమూనా తీసి, చక్కెర ఎంతుందో చూసి డబ్బు కడతారు. "నా చెరకు తీపి ఎవడు చూశాడు" అనేవారు కదా నాన్నగారు, ఈ ముక్క ఆయనకు గట్టిగా చదివి వినిపించు. ఫ్యాక్టరీ కూడా రైతులదే. 1973లో అందరూ సంఘంగా చేరి కంపెనీనే కొనేశారు.

కుప్ప చూసి మాత్రం నోరు తెరిచాను. ఇంటికప్పు కంటే ఎత్తు, ఆ చివర కనబడదు. పైన రేకు లేదు, చుట్టూ గోడ లేదు. కొట్టిన చెరకు ఎండి బరువు తగ్గిపోతుందని మీరు ఫ్యాక్టరీ గేటు ముందు బండి కిందే పడుకునేవారే, వీళ్లు చక్కెర పంటను ఆరుబయట పోసి ఇంటికి వెళ్లి పడుకుంటారు! శీతాకాలం దాన్ని గడ్డకట్టించి కాపాడుతుంది. మే నెల దాకా అందులోంచే తీసి ఆడిస్తారు. ఈ చలిని నేను తిట్టని రోజు లేదు. అది జీతం లేని గోదాము అని నాకేం తెలుసు.

దుంప తెల్లగా ఉంటుంది, బీట్‌రూటూ ముల్లంగీ వియ్యమందినట్టు. ఒక ముక్క నమిలాను. మొదట తీపి, ఆ వెనకే మట్టి వాసన. దీంతో బెల్లం వండితే అనకాపల్లి మార్కెట్టులో... వద్దులే, నువ్వు ఊరంతా చాటుతావు.

ఇక్కడి వాతావరణం ఎంత మొండిదో ఒక్క మాట. 1936 ఫిబ్రవరిలో పార్షల్ అనే ఊళ్లో మైనస్ 51 డిగ్రీలు. అదే ఏడు జూలైలో స్టీల్ అనే ఊళ్లో 49! రెంటచింతల కూడా దండం పెట్టాలి.

నీ బ్యాంకు బుర్రకు కూడా ఒకటి దాచాను. 8 లక్షలకు అటూ ఇటూ జనం ఉన్న ఈ రాష్ట్రానికి 1919 నుంచి సొంత బ్యాంకు ఉంది. ధాన్యం వ్యాపారుల మీద, బయటి బ్యాంకుల మీద మండి, రైతులు ఎన్నికల్లో గెలిచి పెట్టించుకున్నారు. పిండి మిల్లు కూడా రాష్ట్ర ప్రభుత్వానిదే. పడమటి వైపు చమురు బావులు వచ్చాక ఆ బ్యాంకు... ఉండు, పాపను ఈత క్లాసుకు దింపాలి, కిందనుంచి హారను మోగుతోంది. చమురు సంగతి రాయడానికి తీరిక దొరకదు, ఫోను చేస్తాను, ఎత్తు. అమ్మగారిని అడిగానని చెప్పు.

నీ
గోపి