నారి కురుపు ఇంకా పోలేదు

సంపాదకులకు,

అయ్యా,

నారి కురుపు (నారిపురుగు వల్ల వచ్చే గినియా వర్మ్ జబ్బు) మీద మీరు లోపలి పేజీలో వేసిన చిన్న వార్త చదివాను. 2024లో ప్రపంచం మొత్తమ్మీద 15 మందికే సోకింది. ఆఫ్రికా దేశాలైన చాద్‌లో 9 మందికి, దక్షిణ సూడాన్‌లో 6 మందికి. ‘దాదాపు అంతమైనట్టే’ అని శీర్షిక పెట్టారు. ఆ ‘దాదాపు’ చూసే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది కర్నూలు జిల్లాలో ఒక పల్లె. నా చిన్నప్పుడు ఊరంతా దిగుడుబావి నీళ్లే తాగేది. ఆడవాళ్లు మెట్లు దిగి, నీళ్లలో నిలబడి బిందెలు ముంచేవాళ్లు. ఒక ఏడు సరిగ్గా విత్తనం వేసే అదునులో మా నాయన చీలమండ దగ్గర బొబ్బ లేచి పగిలింది. తెల్లటి దారం లాంటి పురుగు తల బయటపెట్టింది. మా అవ్వ దాన్ని చీపురుపుల్లకు చుట్టి, రోజుకు అంగుళమో రెండంగుళాలో లాగి, మళ్లీ గుడ్డ కట్టేది. మధ్యలో తెగిందంటే కాలంతా చీము పడుతుంది. మూరన్నర పురుగు పూర్తిగా రావడానికి నెల పైనే పట్టింది. ఆ ఏడు మా చేను బీడు పడింది.

మంటకు తాళలేక నాయన బావి మెట్ల మీద కూర్చుని కాలు నీళ్లలో పెట్టుకునేవాడు. పురుగు పిల్లల్ని లక్షల్లో వదిలేది అప్పుడేనని మాకేం తెలుసు? వాటిని సైక్లోప్స్ అనే సన్నటి నీటిపురుగులు తింటాయి. ఆ నీళ్లు తాగినవాళ్లకు ఏడాది తిరిగేసరికి మళ్లీ బొబ్బ లేస్తుంది. దీనికి ఇవాళ్టికీ మందు లేదు, టీకా లేదు.

జబ్బుకు మందు లేకుండానే మన దేశం దాన్ని వదిలించుకుంది. కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి నీళ్లు గుడ్డతో వడకట్టించారు, బావుల్లో ఆ నీటిపురుగుల్ని చంపే టెమిఫాస్ అనే మందు కలిపారు, బోర్లు వేయించారు. మన దేశంలో చివరి కేసు 1996 జులైలో జోధ్‌పూర్ జిల్లాలో వచ్చింది. జబ్బు పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం 2000లో అందింది.

1986లో ప్రపంచంలో ఏటా 35 లక్షల మంది దీని బారిన పడేవారు. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ స్థాపించిన కార్టర్ సెంటర్ ఆ ఏడే దీన్ని అంతం చేసే పనికి పూనుకుంది. ఆఖరి నారిపురుగు తన కంటే ముందు పోవాలని ఆయన కోరుకున్నారు. 2024 డిసెంబరులో, నూరేళ్ల వయసులో ఆయనే ముందు వెళ్లిపోయారు.

15 అంకె చూసి చెయ్యి తీసేయకూడదు. 2012 నుంచి చాద్‌లో కుక్కల్లో కూడా ఈ పురుగు కనబడుతోంది. 2024లో పలు దేశాల్లో కలిపి 600కు పైగా జంతువులకు సోకింది. ఒక్క కుక్క చెరువులో దిగినా కథ మొదటికొస్తుంది. అందుకే అక్కడి పల్లెవాళ్లు కుక్కల్ని కట్టేస్తున్నారు, అవి తినకుండా చేపల పేగుల్ని గుంట తీసి పూడుస్తున్నారు. దక్షిణ సూడాన్‌లోనైతే అల్లర్ల మధ్య ఊళ్లకు చేరడమే కష్టం.

ఈ బాధ పడి బయటపడ్డ దేశంగా ఇప్పుడు వాళ్లకు డబ్బుతో, మనుషులతో అండగా నిలవాలని కేంద్ర ఆరోగ్య శాఖను కోరుతున్నాను. మీకూ ఒక మనవి. ఆనాడు బావుల వెంట తిరిగిన ఆరోగ్య కార్యకర్తలు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్ల చేత చెప్పించి రాయండి. మా మండలంలో ఇద్దరున్నారు. మీ విలేకరి వస్తే నేనే వెంటబెట్టుకుని వెళ్తాను.

ఇట్లు
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కర్నూలు జిల్లా